మహమ్మారి కాలమున అంకెల విలేఖరి

పూర్వము వార్త యనగా ఒక సంఘటన. ఎక్కడనో ఏదో జరిగెడిది. విలేఖరి అచ్చటికి పోయి, కన్నులార చూచి, నలుగురిని విచారించి, వ్రాసి పంపెడివాడు. అంకెలు ఆ వార్తకు ఊతగా వచ్చెడివే గాని, తామే వార్తలగుట అరుదు. ఎన్నికల ఫలితములు, బడ్జెటు, జనాభా లెక్కలు, వానల లెక్కలు – ఇట్టి కొలది సందర్భములలో మాత్రమే అంకె ముందు నడువగా మాట దాని వెంట నడిచెడిది. 2020వ సంవత్సరమున వచ్చిన కోవిడ్ మహమ్మారి ఈ క్రమమును తలక్రిందులు చేసినది. ఆ యేడు "ఈ దినము ఎన్ని?" అను ప్రశ్న వినబడని యిల్లు మన గుంటూరు, ప్రకాశం సీమలలో అరుదు. అంకెయే ఆనాటి మొదటి వార్త, కడపటి వార్త కూడ.

అట్టి అంకెలను సేకరించి, సరిచూచి, వాని యర్థమును ప్రజలకు విప్పి చెప్పు పాత్రికేయుని నేడు డేటా జర్నలిస్టు అనుచున్నారు. తెలుగున గణాంక విలేఖరి యనవచ్చును. అంకెల విలేఖరి యన్నను తప్పు లేదు. మహమ్మారికి ముందు పెద్ద పత్రికా కార్యాలయములలో సైతము ఇతనికి తరచుగా ఒక మూల బల్లయే దక్కెడిది. పటములు గీయువాడని, పట్టికలు కూర్చువాడని తక్కినవారి తలంపు. ఆ మూల బల్ల స్వల్పకాలములోనే కార్యాలయపు నడిమికి ఎట్లు వచ్చినది? వచ్చిన పిదప ఆ విలేఖరి పని ఎన్ని విధముల మారినది? ఆ మార్పులతో మన పల్లెలకు గల సంబంధమేమి? ఈ విషయములను గూర్చి మేము నేడు ముచ్చటింపదలచితిమి.

మన ప్రాంతపు జనులు అంకెలకు కొత్తవారు కారు. గుంటూరు మిర్చి యార్డునకు సరకు తెచ్చు రైతు ఆ దినమున ఎన్ని టిక్కీలు వచ్చినవో, తేజ రకము క్వింటాలుకు ఏ ధర పలికినదో, తాలుకాయ యెంతకు పోయినదో తెలిసికొనక బండి దింపడు. వాన కురిసిన దినమున యార్డునకు టిక్కీలు తక్కువ వచ్చినచో, పంట తగ్గినదని యెవ్వరును అనుకొనరు. రాక తగ్గినదని మాత్రమే అనుకొందురు. వ్యాపారి టిక్కీ నంతటిని కుమ్మరించి చూడడు. పిడికెడు కాయలు తీసి, విరిచి, రంగు చూచి, మొత్తము సరకు గుణమును నిర్ణయించును. పత్తి కొనుగోలు కేంద్రములోను ఇంతే. తేమ 8 శాతము వరకు ఉన్నచో పూర్తి మద్దతు ధర. దాటిన కొలది కోత. 12 శాతము మించినచో కొనుగోలు లేదు. బస్తాల సంఖ్య ఒక లెక్క, తేమ శాతము వేరొక లెక్క.

ఒకనాటి రాక వేరు, అసలు పంట వేరు. పిడికెడు చూచి మొత్తమును ఊహింపవచ్చును గాని, ఆ పిడికెడు ఎక్కడ నుండి తీసితిమో చూచుకొనవలయును. మొత్తముతో పాటు శాతమును గూడ అడుగవలయును. ఈ మూడు సూత్రములును తెలిసినవారికి మహమ్మారి లెక్కలు కొరుకుడుపడనివి కావు. ఆ లెక్కలకును ఈ లెక్కలకును గల చుట్టరికమును చూపించువారు మాత్రము కావలసియుండిరి.

ఆంధ్రప్రదేశ్‌లో మొదటి కోవిడ్ కేసు 2020 మార్చి 12న నెల్లూరున బయటపడినది. మరి వారము దినములకు ప్రకాశం జిల్లా ఒంగోలులో రెండవది. నెల ముగియక మునుపే గుంటూరు కూడ ఆ జాబితాలో చేరినది. మార్చి 22న జనతా కర్ఫ్యూ, మార్చి 25 నుండి దేశమంతటను లాక్‌డౌన్. అది మిరప కోతల కాలము. కల్లములలో ఎండిన కాయ యుండగనే మిర్చి యార్డు మూతబడి, కొన్ని వారములపాటు తెరువబడలేదు. ఏప్రిల్, మే నెలలలో నరసరావుపేట పట్టణము పేరు వ్యాధి ప్రబలిన చోట్లలో ఒకటిగా దినదినము వినబడినది. రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ అప్పటి 13 జిల్లాల వివరములతో ప్రతిదినము ఒక ప్రకటన వెలువరించుచుండెను: పరీక్షలు ఎన్ని, కొత్త కేసులు ఎన్ని, కోలుకొన్నవారెందరు, మరణించినవారెందరు.

ఆ తొలి దినములలో అంకెల విలేఖరి చేసిన పని దండోరా పని. ప్రభుత్వము చెప్పిన సంఖ్యను వేగముగ, తప్పు లేకుండ ఊరికి వినిపించుట. ఇది చిన్న పని కాదు. ఒక్కొక్క రాష్ట్రము ఒక్కొక్క తీరున ప్రకటన యిచ్చెడిది. ఒకటి పట్టికగా, ఒకటి ఛాయాచిత్రముగా, ఒకటి స్థానిక భాషలో. వీనినన్నిటిని చేతితో ఎక్కించి, ఒక్కచోట కూర్చి, దేశమంతటికి అందించిన పని ఏ పెద్ద సంస్థయు చేసినది కాదు. 2020 మార్చిలో స్వచ్ఛందముగ కూడిన కొందరు యువతీయువకులు 'కోవిడ్ 19 ఇండియా' అను వెబ్‌సైటును నెలకొల్పి, 2021 అక్టోబరు 31 వరకు నడిపిరి. పత్రికలు, పరిశోధకులు సైతము వారి పట్టికల నుండియే తీసికొనెడివారు. ప్రపంచపు లెక్కకు అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయమున లారెన్ గార్డ్‌నర్, ఎన్‌షెంగ్ డాంగ్ అనువారు 2020 జనవరి 22న ఆరంభించిన పటము ఆధారమైనది. పాత్రికేయుడెవరు, ఇంజినీరెవరు, వైద్యుడెవరు అను ఎల్లలు ఇచ్చటనే మొదట చెరగినవి.

కాని దండోరా ఎంతకాలము సరిపోవును? సంఖ్య తెలిసినకొలది ప్రశ్నలు పెరిగినవి. సోమవారము కేసులు తగ్గినవి, వ్యాధి తగ్గినట్లేనా? పొరుగు జిల్లాలో ఎక్కువ, మన జిల్లాలో తక్కువ, మనము క్షేమమేనా? ఇచ్చట అంకెల విలేఖరి రెండవ పాత్ర ధరించెను. అది ఉపాధ్యాయుని పాత్ర. ఆదివారము పరీక్షలు తక్కువగా జరుగును గనుక మరునాటి కేసులు తక్కువగా కనబడును. అది వానదినపు యార్డు రాక వంటిదని చెప్పవలసి వచ్చెను. కావుననే ఏడు దినముల సగటు అను మాట వాడుకలోనికి వచ్చినది. పది లక్షలమంది గల చోట వంద కేసులును, లక్షమంది గల చోట వంద కేసులును ఒకటి కావని చెప్పవలసి వచ్చెను. పరీక్షించినవారిలో ఎంతమందికి వ్యాధి యున్నదను శాతము పెరుగుచున్నచో, పరీక్షలు వ్యాధి వెనుకబడి పరుగెత్తుచున్నవని గ్రహింపవలసి యుండెను.

అన్నిటికన్న కష్టమైనది రెట్టింపు లెక్క. మన మనస్సు కూడికకు అలవాటు పడినది గాని హెచ్చవేతకు అలవాటు పడలేదు. 1,000 కేసులు ఏడు దినములకొకసారి రెట్టింపగుచున్నచో, నాలుగు వారములకు 16,000 అగును. పదునాలుగు దినములకొకసారి యైనచో అదే కాలమునకు 4,000 మాత్రమే. గడువు రెండింతలైనంతనే ఫలితము నాలుగవ వంతునకు తగ్గినది. ముఖమునకు గుడ్డ కట్టుకొనుట, ఎడముగా నిలుచుట, సంత వాయిదా వేయుట – ఇవి వ్యాధిని నిలుపలేకున్నను గడువును పొడిగించును. ఆ పొడిగింపులోనే ఆసుపత్రిలో ఒక మంచము మిగులును. 2021 పంటకాలమున నల్ల తామర పురుగు మన మిరప తోటలను చుట్టుముట్టినప్పుడు, పువ్వునకు నాలుగు పురుగులున్న చోట చూచుచుండగనే పువ్వు నిండిన తీరు ఎరిగిన రైతుకు ఈ లెక్క వేరుగ చెప్పనక్కరలేదు. లండను నగరపు ఫైనాన్షియల్ టైమ్స్ పత్రికలో జాన్ బర్న్-మర్డాక్ గీసిన వక్రరేఖలు 2020 మార్చి నుండి ఈ రెట్టింపు వేగమునే దేశదేశములకు చూపినవి. ఒక పత్రిక పటమును ఇంటింట చూచి చర్చించుట అంతకు మునుపు మిక్కిలి అరుదు.

పిడికెడు కాయల సూత్రమునకు గూడ మన రాష్ట్రముననే చక్కని నిదర్శనము దొరకినది. 2020 ఆగస్టు, సెప్టెంబరు మాసములలో ప్రభుత్వము జిల్లాలలో కొందరిని ఎన్నుకొని రక్తపరీక్ష చేయించెను. వ్యాధి సోకిపోయిన గుర్తు 19.7 శాతము మందిలో కనబడినది. రాష్ట్ర జనాభా సుమారు 5 కోట్లు. అనగా రమారమి కోటి మందికి అప్పటికే వ్యాధి తాకినది. అదే సమయమునకు ప్రకటనలలోని మొత్తము కేసులు ఐదున్నర లక్షల ప్రాంతమున నుండెను. అనగా లెక్కకు వచ్చినది పదునెనిమిదింట ఒకటి. పరీక్షలు ఎక్కువగా చేసిన రాష్ట్రములలో ఒకటిగా ఆంధ్రప్రదేశ్ పేరు పొందియుండగనే పరిస్థితి ఇది. ప్రకటనలోని సంఖ్య అబద్ధము కాదు. అది యార్డునకు వచ్చిన సరకు. పొలములో నున్న పంట వేరు. ఈ భేదమును చెప్పగలిగిన విలేఖరి, సంఖ్యను నమ్మవద్దని చెప్పలేదు. సంఖ్య దేనిని కొలుచుచున్నదో తెలిసికొని నమ్ముమని చెప్పెను.

ఇదే దృష్టి మందుల విషయమునను అవసరమైనది. 2021 మే మాసమున నెల్లూరు జిల్లా కృష్ణపట్నములో ఆనందయ్య యిచ్చుచుండిన మందు కొరకు వేలకొలది జనులు బారులు తీరిరి. మన ప్రకాశం జిల్లాకు అది పొరుగు. ఆ మందును పొగడుటయు, తెగడుటయు ఇచ్చట మా ఉద్దేశము కాదు. "తినినవారిలో నలుగురు లేచి కూర్చుండిరి" అను మాట విన్నప్పుడు అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. తినినవారెందరు? తినకయే కోలుకొన్నవారెందరు? ఈ రెండు లెక్కలును లేనిదే ఆ నలుగురి సంగతి ఋజువు కానేరదు. ఆపదలో నున్నవానికి ఈ ప్రశ్న కఠినముగా తోచవచ్చును. ఐనను అది అడుగుటయే విలేఖరికి విధి.

2021 వేసవిలో రెండవ అల వచ్చినది. 2020 ఆగస్టు చివర ఒక్క దినమున 10,800 పైచిలుకు కేసులు వచ్చినప్పుడు ఇంతకు మించదని పలువురు తలచిరి. 2021 మే 16న రాష్ట్రమున 24,171 కేసులు నమోదైనవి. పరీక్షించిన ప్రతి నలుగురిలో ఒకరికి వ్యాధి. ఈ అలలోనే అంకెల విలేఖరి మూడవ పాత్ర వహించెను. అది తనిఖీదారుని పాత్ర. మొదటి రెండు పాత్రలలో అతడు ప్రభుత్వ సంఖ్యను చేరవేసెను, వివరించెను. ఇప్పుడు ఆ సంఖ్యను వేరొక సంఖ్యతో సరిపోల్చి చూచుటకు పూనుకొనెను.

గుజరాతులో సందేశ్ పత్రిక విలేఖరులు ఆసుపత్రుల శవాగారముల కడను, శ్మశానముల కడను నిలిచి లెక్క పెట్టిరి. దివ్య భాస్కర్ పత్రిక వేరొక త్రోవ పట్టినది. 2021 మార్చి 1 నుండి మే 10 వరకు ఆ రాష్ట్రమున జారీయైన మరణ ధ్రువపత్రములు 1,23,000 పైచిలుకని, క్రిందటి యేడు అదే కాలమున అవి 58,000 అని, ప్రభుత్వము చెప్పిన కోవిడ్ మరణములు 4,218 మాత్రమేనని ప్రచురించినది. మన రాష్ట్రపు లెక్కను బయటపెట్టినది చెన్నైకి చెందిన రుక్మిణీ ఎస్. అను గణాంక పాత్రికేయురాలు. 2020 మార్చి నుండి 'ద మూవింగ్ కర్వ్' అను ధ్వని ప్రసారము ద్వారా మహమ్మారి లెక్కలను సులభముగ వివరించుచు వచ్చిన ఆమె, 2021 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ జనన మరణ నమోదు పట్టికలను పరిశీలించిరి. మామూలు సంవత్సరములలో మే నెలకు సుమారు 27,000 మరణములు నమోదగుచుండగా, 2021 మే ఒక్క నెలలో 1,30,000 పైచిలుకు నమోదైనవి. ఆ నెలలో ప్రకటనలు చూపిన కోవిడ్ మరణములు 3,000 లోపు.

ఈ సంఖ్యను జాగ్రత్తగా పట్టుకొనవలయును. లక్షకు మించిన ఆ యెక్కువ మరణములన్నియు కోవిడ్ వలననే యనుటకు వీలులేదు. వేరు జబ్బులకు ఆసుపత్రిలో చోటు దొరకక పోయినవారుందురు. అంతకు మునుపటి నెలల మరణములు ఆలస్యముగ నమోదై యుండవచ్చును. ఇవి యన్నియు మినహాయించినను, మూడు వేలకును లక్షకును నడుమనున్న అంతరము పూడునది కాదు. వ్యాధి పేరు వ్రాయబడినను వ్రాయబడకున్నను, మరణము మరణమే. మామూలుకంటె ఎన్ని యెక్కువైనవో లెక్కించినచో మహమ్మారి కొలత దొరకును. ఈ పద్ధతి నిన్నటిది కాదు. 1847లో లండనులో ఇన్‌ఫ్లుయెంజా వచ్చినప్పుడు విలియం ఫార్ అను గణాంక శాస్త్రజ్ఞుడు ఈ తీరుననే లెక్క కట్టెను.

మన దేశమున గూడ దీనికి వెనుకటి కథ యున్నది. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా మరణములను అప్పటి ప్రభుత్వ వైద్యాధికారులు మొదట 60 లక్షలని అంచనా వేసిరి. 1911, 1921 జనాభా లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన తరువాతి పండితులు అది కోటి 20 లక్షల నుండి కోటి 80 లక్షల వరకు ఉండవచ్చునని తేల్చిరి. ఆనాడు చెన్నపట్టణపు రాజధానిలో ఊరి మరణములను చిట్టాలో వ్రాసెడివాడు గ్రామ మునసబు. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణము, మునసబు ఉద్యోగములు రద్దయినవి. ఆ చిట్టా కాలక్రమమున పంచాయతీ కార్యాలయము చేరినది. చేతులు మారినవి గాని చిట్టా నిలిచినది. నూరేండ్ల తరువాత ఒక పాత్రికేయురాలు తెరచి చూచినది ఆ చిట్టా వారసత్వమునే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మే 5న, భారతదేశమున 2020, 2021 సంవత్సరములలో మామూలుకంటె 47 లక్షల మరణములు ఎక్కువగా జరిగినవని అంచనా ప్రకటించినది. ఆ కాలపు ప్రభుత్వ కోవిడ్ మరణములు 4 లక్షల 81 వేలు. అంచనా వేసిన పద్ధతిని భారత ప్రభుత్వము అంగీకరింపలేదు. 2025 మేలో వెలువడిన జనన మరణ నమోదు నివేదికలలో దేశమున 2019లో 76 లక్షలు, 2020లో 81 లక్షలు, 2021లో కోటి 2 లక్షల మరణములు నమోదైనట్లు చూపబడినది. వాదము ముగియలేదు. ఐనను వాదమునకు ఆధారము ఊహలు గాక, పట్టికలగుట మేలు.

చనిపోయినవారిని ఇంకను లెక్కించి ప్రయోజనమేమి యని కొందరు అడుగుదురు. జవాబు కృష్ణా కాలువల క్రింది పల్లెలోను, కనిగిరి మెట్టలోను ఒక్కటే. 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆమోదముతో, కోవిడ్ వలన మరణించినవారి కుటుంబమునకు 50,000 రూపాయల సహాయము నిర్ణయింపబడినది. పరీక్షలో వ్యాధి తేలిన 30 దినములలోపల సంభవించిన మరణమును కోవిడ్ మరణముగా ఎంచవలెనని నియమము. అంతవరకు ఆంధ్రప్రదేశ్ పట్టికలో నున్న మరణములు 14,000 పైచిలుకు. 2022 జనవరిలో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన లెక్క ప్రకారము సహాయము కోరినవారు 36,000 పైచిలుకు. అప్పటికి సహాయము అందినది సుమారు 11,000 కుటుంబములకు. తెలంగాణములో 4,000 లోపు మరణములకు దాదాపు 29,000 దరఖాస్తులు వచ్చినవి.

దరఖాస్తులన్నియు నిజమైనవని మేము చెప్పుట లేదు. 2022 మార్చిలో ఆంధ్రప్రదేశ్‌తో సహా నాలుగు రాష్ట్రముల దరఖాస్తులలో నూటికి ఐదింటిని సరిచూచుటకు కేంద్రమునకు సుప్రీంకోర్టు అనుమతి నిచ్చినది. కాని మరియొక వైపు గూడ చూడవలయును. పరీక్ష చేయించుకొనుటకు వ్యవధి లేక యింటనే కన్నుమూసిన కూలి మనిషి ఏ పట్టికలోను లేడు. అతని చేతిలో పరీక్ష చీటీ లేదు. భార్య చేతిలో ధ్రువపత్రము లేదు. ఆ యింటికి 50,000 రూపాయలనగా కౌలు బాకీ తీరుట, పిల్లవాని చదువు నిలుచుట. అంకె యొకటి తప్పిపోయినచో పోవునది అంకె కాదు. ఒక కుటుంబపు హక్కు. తనిఖీ పని మర్యాదకు సంబంధించిన చర్చ మాత్రమే కాదని ఇందువలన తెలియుచున్నది.

ఇక నాలుగవ పాత్ర. పట్టికలో నున్నవారిని లెక్కించుటతో పని తీరదు. పట్టికలో లేనివారెవ్వరని అడుగుట ఆ పాత్ర. ఏటేట మిరప కోతలకు కర్నూలు జిల్లా పడమటి ఊళ్ల నుండి గుంటూరు సీమకు కూలీలు కుటుంబములతో వత్తురు. 2020 లాక్‌డౌన్‌లో వారు పొలములలోనే చిక్కుకొనిరి. వారిలో ఒకరికి వ్యాధి వచ్చినచో ఏ జిల్లా లెక్క? పని చేయు చోటిదా, సొంత ఊరిదా? రాష్ట్ర ప్రకటనలో ఇతర రాష్ట్రముల నుండి, ఇతర దేశముల నుండి వచ్చినవారికి వేరు వరుసలుండెను. వరుస గీచిన చోటనే కొందరు కనబడుదురు, కొందరు మరుగగుదురు. 2021 మే 1న 18 ఏండ్లు దాటినవారికి టీకాలు ఆరంభమైనప్పుడు, 45 ఏండ్ల లోపువారు ముందుగ కోవిన్ అను వ్యవస్థలో పేరు నమోదు చేసికొనవలసి యుండెను. చేతిలో మంచి ఫోను లేనివాడు వరుసలో నిలుచుటకే అర్హుడు కాలేకపోయెను. ఆ విషయము సుప్రీంకోర్టు వరకు పోయి, తరువాత నియమము సడలింపబడినది. మొత్తము టీకాల సంఖ్య ఎంత పెద్దదైనను ఈ సంగతి ఆ సంఖ్యలో కనబడదు.

లెక్కించుటకు హద్దు గూడ కలదు. మొదటి దినములలో వ్యాధి సోకినవారి వీధి, ప్రయాణము, వృత్తి మొదలగు వివరములు ఊరూర తిరిగినవి. ఒంగోలు వంటి పట్టణమున వయస్సు, పేట, వచ్చిన దేశము చెప్పినచో పేరు చెప్పనక్కరలేదు. వ్యాధి కంటె వెలి భయమునకు పరీక్ష మానుకొన్నవారుండినచో, ఆ దోషము వార్తకును చెందును. సమూహమును చూపవలయును, మనిషిని దాచవలయును – గణాంక విలేఖరి నేర్చిన నీతి యిది. ఇది వైద్యుని నీతికి దగ్గరి చుట్టము.

మా వృత్తికి సంబంధించిన మాట యొకటి చెప్పెదము. పత్రికకు పటము కలదు, టెలివిజనుకు రంగుల గీతలు కలవు. రేడియోకు చెవి యొక్కటే. ఇరువది నాలుగు వేల నూట డెబ్బది యొకటి యని చదివినచో శ్రోత మనస్సున నిలుచునది ఏమి? పెద్ద శబ్దము మాత్రమే. పరీక్ష చేసిన నలుగురిలో ఒకరని చెప్పినచో, నలుగురున్న ప్రతి యింటను ఆ మాట కూర్చుండును. నిన్నటికంటె అనుటకు మారుగా క్రిందటి వారముకంటె అని చెప్పుట. ఒక ప్రకటనలో మూడు సంఖ్యలకు మించకుండుట. సంఖ్య చెప్పిన వెంటనే అది దేనిలో భాగమో చెప్పుట – ఇవి చెవికి లెక్క నేర్పు మార్గములు. చీటీ మీద వ్రాసికొనుటకు వీలులేని తల్లి, వంట చేయుచు వినిన తల్లి, రాత్రి భోజనము వేళ భర్తకు తిరిగి చెప్పగలిగినప్పుడే ఆ సంఖ్య చేరినట్లు. పటములు లేని లోపము ఇట్లు శిక్షణగా మారినది.

కడపటి పాత్ర భాండారపాలకునిది. 'కోవిడ్ 19 ఇండియా' 2021లో ఆగినది. జాన్స్ హాప్‌కిన్స్ లెక్క 2023 మార్చి 10న నిలిచినది. 2022 ఏప్రిల్ 4న మన జిల్లాల హద్దులు మారి, పల్నాడు, బాపట్ల జిల్లాలు పుట్టినవి. నరసరావుపేట పల్నాటికి ముఖ్యపట్టణమైనది. 2020లో గుంటూరు జిల్లా కేసులు అన్నప్పుడు, అందులో నేటి పల్నాడు, బాపట్ల ప్రాంతములు ఎంత? మండలముల వారీ కాగితములు భద్రపరచినవారు మాత్రమే చెప్పగలరు. 2021లో జరుగవలసిన జనాభా లెక్కలు వాయిదా పడుటచే, లక్షకు ఇంత యని చెప్పిన నిష్పత్తులన్నియు 2011 లెక్కల మీద కట్టిన అంచనాలే. మరియొక మహమ్మారి వచ్చినప్పుడు పోల్చి చూచుటకు ఆధారములు కావలయునన్నచో, నేడే అవి ఒక చోట పదిలపరుపబడవలయును. వార్త ఒక దినముది, పట్టిక నూరేండ్లది.

దండోరా, ఉపాధ్యాయుడు, తనిఖీదారు, మరుగైనవారి వకీలు, భాండారపాలకుడు – ఒక్క మనిషి ఇన్ని వేషములు వేసెను. ఇవి యొకదాని తరువాత ఒకటి వచ్చినవే గాని, వచ్చినది పోలేదు. అన్నియు కలిసియే నేటి గణాంక విలేఖరి. అతని పని ఫలించుటకు మాత్రము రెండు సంగతులు మన చేతిలో నున్నవి.

మొదటిది, చిట్టా. 1969 నాటి చట్టము ప్రకారము ఇంటిలో జరిగిన మరణమును 21 దినములలోపల నమోదు చేయింపవలయును. అప్పుడు రుసుము లేదు. ఆలస్యమైనకొలది అనుమతులు, రుసుములు, తిరుగుళ్లు. దుఃఖములో నున్న ఇంటివారికి ఇది తోచదు. కావున ఇరుగు పొరుగువారు, చుట్టములు ఈ భారమును వహించుట మంచిది. ఆస్తి మార్పునకు, భీమాకు, పింఛనుకు అక్కరకు వచ్చు కాగితము అదియే. దేశమునకు తన వ్యాధి తెలియు త్రోవయు అదియే.

రెండవది, ప్రశ్న. ఏ సంఖ్య విన్నను మూడు మాటలు అడుగవలయును. దీనిని ఎవరు లెక్కించిరి? ఎంతమందిలో ఇది? ఇందులో చేరనివారెవ్వరు? యార్డులో కాటా ముందు నిలిచి ఈ మూడు ప్రశ్నలు అడుగని రైతు లేడు. ఆ తెలివినే వార్త ముందును నిలుపుట మనకు కష్టము కాదు. అట్లు అడుగు శ్రోతలున్న నాడు మా వంటివారమును మరింత జాగ్రత్తగా చెప్పుదుము.